గ్రంథవరణమున అధికారివిచారము

శాస్త్రగ్రంథమును ఆరంభించునపుడు అనుబంధచతుష్టయమును నిరూపించుట మన పూర్వులు పాటించిన పద్ధతి. ఈ గ్రంథమునకు విషయమేమి, ప్రయోజనమేమి, వానికిని గ్రంథమునకును గల సంబంధమెట్టిది, దీనిని చదువదగిన అధికారి ఎవడు అను నాలుగింటిని తేల్చిన పిమ్మటనే గ్రంథకర్త ముందునకు సాగును. మనము దీనిని విద్యార్థులచేత వల్లె వేయింతుము. పరీక్షలో ప్రశ్నగా కూడ ఇత్తుము. కాని పుస్తకముల దుకాణమున నిలిచినపుడు, గ్రంథాలయమునకు పట్టిక వ్రాయునపుడు, మనుమనికి పుట్టినరోజున ఒక పుస్తకము కొనునపుడు ఈ నాలుగు ప్రశ్నలను వేసికొనువారు మనలో ఎందఱు? గ్రంథకర్త కొఱకు ఏర్పడిన ఈ నియమము గ్రంథమును ఎన్నుకొనువానికి అంతకంటె ఎక్కువగా పనికివచ్చునని నా అభిప్రాయము. అందును అధికారివిచారమే ప్రధానము. తక్కిన మూడును గ్రంథమున వెదకిన దొరకును. అధికారి మాత్రము గ్రంథమునకు వెలుపల, మన యెదుట కూర్చుండి యుండును.

ఈ విషయము నాకు పుస్తకముల వలన కాక, పుస్తకములను వదలుకొనుట వలన బోధపడినది. డెబ్బది దాటిన పిమ్మట, కంటికి శస్త్రచికిత్స జరిగిన తరువాత, ఇంటనున్న పుస్తకములను యోగ్యులకు పంచి ఇచ్చుట మేలని తోచినది. రెండేండ్లుగా ఆ పనిలోనే ఉన్నాను. అధ్యయనమునకు పనికివచ్చునవి, ఇంటిలో నలుగురు కూర్చుండి చదువుకొనదగినవి, వినోదమునకు తగినవి అని మూడు రాసులుగా వేయ మొదలిడితిని. ఒకే పేరు గల గ్రంథము ఒక ముద్రణమున మొదటి రాసిలోను, వేఱొక ముద్రణమున రెండవ రాసిలోను పడుట చూచి ఆగితిని. అప్పుడు కలిగిన ఆలోచనలను సహోపాధ్యాయుల యెదుట ఉంచుచున్నాను.

ముందుగా 'బాల' శబ్దమును చూతము. అధికారి ఎవడో విచారింపకపోవుట వలన కలుగు చిక్కు ఈ ఒక్క శబ్దముననే చక్కగా కనబడును. ఉద్యోగవిరమణ చేసిన ఇంజనీరు ఒకరు నాకు మిత్రులు. పదేండ్ల మనుమనికి బాలరామాయణము చెప్పింపవలెనని తలచి, ఆ పేరుగల పుస్తకమును దూరపు నగరము నుండి తపాలాలో తెప్పించుకొనిరి. కట్ట విప్పి చూడగా అది రాజశేఖరుని బాలరామాయణము. పది అంకముల మహానాటకము. వారు కోరినది మన పల్లెటూళ్ళలో అదే పేరుతో పిల్లలచేత చదివించు సంక్షేపరామాయణము, అనగా వాల్మీకి బాలకాండలోని మొదటి సర్గము. “పిల్లల రామాయణమని తెప్పించానండీ శాస్త్రిగారూ, ఒక్క శ్లోకానికి అర్థం మీరే చెప్పండి, వింటాను” అని పుస్తకము నా చేతికిచ్చిరి. రెండు శ్లోకములకు చెప్పి, మూడవదానికి నేను నిఘంటువు తీయవలసివచ్చినది.

ఇట్టివి ఇంకను కలవు. చిన్నయసూరి 1858లో వెలయించిన బాలవ్యాకరణము పేరును చూచి, అది బడిపిల్లల కొఱకు వ్రాసినదని కొని తెచ్చినవారిని నేనెఱుగుదును. పది పరిచ్ఛేదముల ఆ సూత్రగ్రంథము సంస్కృతవ్యాకరణపు మర్యాద కొంత తెలిసినవానికే వశమగును. వాసుదేవదీక్షితుల బాలమనోరమ సిద్ధాంతకౌముదికి వ్యాఖ్య; అదియు బాలుర మనస్సును రమింపజేయునని ఎవరును అనుకొనరాదు. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహమును బాలుర సుఖబోధకై చేయుచున్నానని ఆరంభముననే చెప్పుకొనెను. అచ్చటి బాలుడు ఎవడని ప్రశ్నించి, వ్యాకరణకావ్యకోశములు చదివి న్యాయశాస్త్రము మాత్రము చదువనివాడని వ్యాఖ్యాతలు సమాధానమిచ్చిరి. కావున బాలత్వము వయస్సును బట్టి కాక, ఆ శాస్త్రమును బట్టి ఏర్పడును. ఈ లెక్కను డెబ్బది దాటిన నేను జ్యోతిషమున బాలుడనే. ఆ శాస్త్రమున మొదటి పుస్తకము కొనదలచినచో నా తల నెరపును దుకాణదారుడు లెక్కపెట్టరాదు.

ఇక అధ్యయనమునకు సంబంధించిన గ్రంథముల మాట. ఇచ్చట అధికారి నిర్ణయమైన తరువాత రెండవ ప్రశ్న ముద్రణమును గుఱించినది. ఏ గ్రంథమని అడిగినంత శ్రద్ధగా ఏ ముద్రణమని అడుగు అలవాటు మన విద్యార్థులకు లేదు. అది మనము నేర్పలేదు గనుక లేదు. నా అనుభవము ఒకటి చెప్పుదును.

మా పాఠశాలలో ఏడుగురము విద్యార్థులము. అమరకోశమునకు అచ్చుప్రతులు మూడే. అందొకటి నాది. మా నాయనగారు ఒక తిరునాళ్ళలో అర్ధరూపాయికి కొనిపెట్టినది. తెలుగు లిపిలో థకారమునకు ధకారమునకు రూపమున భేదము దాదాపుగా నడిమి చుక్క ఒక్కటియే. అచ్చుదిమ్మ అరిగి ఆ చుక్క పోయెనా, థకారము ధకారమైపోవును. నా పుస్తకమున అనేకచోట్ల ఆ చుక్క పోయినది. గురువుగారు నోట చెప్పినది ఒకటి, నా కన్ను చూచినది ఒకటి. తెలుగునాట ఈ రెండక్షరముల ఉచ్చారణభేదము మిక్కిలి శ్రద్ధ ఉన్నగాని చెవికి అందదు గనుక, చెవి ఓడి కన్ను గెలిచినది. శిశుపర్యాయములలోని పృథుకశబ్దమును 'పృధుక' యని ధారణ చేసితిని. ఇరువదియాఱేండ్ల వయస్సున అధ్యాపకుడనై నాలుగేండ్లు దానినే పాఠము చెప్పితిని. ఒకనాడు ఒక విద్యార్థిని నాగరలిపిలోని ప్రతిని తెచ్చి, “గురువుగారూ, ఈ పుస్తకంలో థకారం ఉందండీ” అని మెల్లగా చూపినది. ఒక్క చుక్క పోవుటచే పృథుశబ్దముతోను, ప్రథధాతువుతోను ఆ పదమునకు గల చుట్టరికమే తెగిపోయినది. వ్యుత్పత్తి చెప్పుటకు దారి లేదు. ఆ నాలుగేండ్లలో నా యొద్ద చదివినవారిలో ఎందఱు అదే తప్పును తమ శిష్యులకు అందించిరో నేడు తెలిసికొనుటకు ఉపాయము లేదు. ధారణ చేయింపని చదువున ముద్రాదోషము ఒక పుటకే పరిమితమగును; ధారణ ప్రధానమైన మన చదువున అది తరములకు ప్రాకును.

నాగరలిపి ప్రతులు నిర్దోషములని దీని భావము కాదు. అందు ఘకార ధకారములు, భకార మకారములు, బకార వకారములు, షకార పకారములు తాఱుమాఱగుచుండును. రెండు లిపులలోను దోషములు పుట్టు తావులు వేఱు వేఱు గనుక, తెలుగు లిపి ప్రతిని నాగరలిపి ప్రతితో పోల్చి చూచినచో ఒకదాని దోషమును వేఱొకటి పట్టి ఇచ్చును. విద్యార్థి స్వంతముగా ఒక ప్రతి కొనిన చాలును. రెండవది గ్రంథాలయమున ఉండవలెను.

ముద్రణమును పరీక్షించుటకు నేను అనుసరించు పద్ధతి సులభమైనది. మొదట శుద్ధాశుద్ధపట్టిక ఉన్నదా అని చూతును. ఆ పట్టికను చూచి పుస్తకము తప్పులతడక అని పక్కన పెట్టువారు కలరు. నేను సరిగా దానికి విరుద్ధముగా తలతును. పట్టిక వేసినవాడు అచ్చయిన పుస్తకమును మఱల చదివినాడు. పట్టిక లేని పుస్తకమును ప్రకటించినవాడు చదివెనో లేదో ఎవరు చెప్పగలరు? తరువాత ఉపోద్ఘాతమున పరిష్కర్త ఏ తాళపత్రములను, ఏ పూర్వముద్రణమును ఆధారము చేసికొనెనో చెప్పినాడా అని చూతును. మూడవది సవ్యాఖ్యానగ్రంథములకు మాత్రమే చెందినది, మిక్కిలి నమ్మదగినది. పుట మధ్యనున్న ఒక శ్లోకమును తీసికొని, పైన అచ్చైన మూలపాఠమును క్రింది వ్యాఖ్యలోని ప్రతీకలతో సరిపోల్చవలెను. మూలమున ఒక పదము, వ్యాఖ్యాత వివరించిన పదము మఱొకటి అయినచో, మూలమును ఒకచోటనుండి, వ్యాఖ్యను ఇంకొకచోటనుండి తెచ్చి అతికించిరని అర్థము. అట్టి పుస్తకము చదువు విద్యార్థి వ్యాఖ్యాత తప్పు వ్రాసెనని అనుకొనును.

కోలాచలము మల్లినాథసూరి విషయమున ఈ అన్యాయము ఎక్కువగా జరుగుచున్నది. నేటి మెదకు జిల్లాలోని కొల్చారముతో ముడిపడిన ఈ మహావ్యాఖ్యాత మూలమున లేనిదానిని వ్రాయననియు, అక్కఱలేనిదానిని చెప్పననియు నియమము పెట్టుకొనెను. రఘువంశ కుమారసంభవ మేఘసందేశములకు సంజీవని, కిరాతార్జునీయమునకు ఘంటాపథము, శిశుపాలవధమునకు సర్వంకష, నైషధమునకు జీవాతువు అనునవి ఆయన చూపిన దారులు. అట్టి వ్యాఖ్యను ఏ పాఠమునకు వ్రాసెనో ఆ పాఠముతోనే చదువవలెను. మేఘసందేశమున శ్లోకసంఖ్య వ్యాఖ్యాతను బట్టి మారుచున్నది. కాశ్మీరకుడైన వల్లభదేవుని పాఠమున 111 శ్లోకములుండగా మల్లినాథుని పాఠము అంతకంటె పెద్దది. కుమారసంభవము పదునేడు సర్గములతో అచ్చుపడినను మల్లినాథుని సంజీవని ఎనిమిది సర్గములకే. ముఖపత్రమున ఆయన పేరు మాత్రమే చూచి కొనిన విద్యార్థి తొమ్మిదవ సర్గము మొదలు మఱియొకరి మాటలను మల్లినాథుని మాటలుగా పరీక్షాపత్రమున వ్రాయును. అట్టి పత్రములను నేను దిద్ది యున్నాను.

సంశోధితముద్రణములను గుఱించి ఒక హెచ్చరిక. పుణ్యపురి భాండార్కర్ ప్రాచ్యవిద్యా సంశోధనమందిరము 1919లో చేపట్టి 1966లో ముగించిన మహాభారతమును, బరోడా ప్రాచ్యవిద్యామందిరము ప్రకటించి 1975లో పూర్తిచేసిన రామాయణమును ప్రతి ప్రాచ్యకళాశాల తప్పక కలిగి యుండవలెను. పరిశోధకునకు అవి కన్నుల వంటివి. అయినను ఒక గృహస్థుడు నన్నడిగినచో వానిని కొనుమని చెప్పను. వినాయకుడు వ్యాసునకు వ్రాయసకాడైన కథను ఇంట చదివి వినిపింపవలెనని పుణ్యపురి ఆదిపర్వమును తెఱచినవానికి, ఆ కథ మూలపాఠమున కానరాదు. అది పరిశిష్టమునకు చేరినది. అందులకు పరిష్కర్తలు చూపిన కారణములు ప్రతులను తూచి చూపినవి, ఆదరింపదగినవి. కాని ఆ కారణములను తెలిసికొనుటకు గృహస్థుడు పుస్తకము కొనలేదు. నన్నయతిక్కనల అనువాదమును మూలముతో పోల్చు పరిశోధకుడు కూడ మూలపాఠము ఒక్కదానితో తృప్తి పడక, అడుగున ఇచ్చిన దాక్షిణాత్యప్రతుల పాఠములను చూచితీరవలెను. పెక్కు సిద్ధాంతవ్యాసములు ఈ శ్రమ తప్పించుకొనుట వలననే, తెలుగుకవి చేర్చెనని చెప్పిన భాగములు దాక్షిణాత్యపాఠమున ముందే ఉండుటకు అవకాశమున్నదని గుర్తింపక పోవుచున్నవి.

నిఘంటువులను గుఱించి విస్తరింపను. తెలుగునకు బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరము ఒకటి చేతియందుండిన దినదినావసరము తీరును. ప్రయోగములు కావలసినపుడు 1936లో తొలి సంపుటము వెలువడిన సూర్యరాయాంధ్రనిఘంటువును గ్రంథాలయమున చూచుకొనవచ్చును. సంస్కృతమునకు ఆంగ్లము వచ్చినవారికి ఆప్టే నిఘంటువు మేలు. అమరము నోటికి వచ్చినవానికి వీని అక్కఱ సగము తగ్గును.

నేడు గ్రంథములు మఱియొక రూపమున కూడ దొరకుచున్నవి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరిట ఛాయాచిత్రములుగా తీసిన వేలకొలది పాతపుస్తకములు ఇంటర్నెట్ ఆర్కైవునందు ఉచితముగా లభించుచున్నవి. మా తరమువారు కొందఱు వానిని చిన్నచూపు చూతురు. నేనట్లు చూడను. యౌవనమున ఒక్క ప్రతి కొఱకు మూడు ఊళ్ళు తిరిగినవాడను. నేడు నా మనుమరాలు దానిని క్షణములో తన ఫోనున చూపినది. పాఠమును సరిచూచుకొనుటకు ఇంతకు మించిన సౌకర్యము లేదు. కాని అందు పుటలు కొన్ని జారిపోవుటయు, కొన్ని ఒరిగిపోవుటయు, గ్రంథము పేరు ఒకటిగా లోపల ఉన్నది వేఱుగా నుండుటయు కలదు. కావున అవి చూచుటకు. నిత్యాధ్యయనమునకు చేతియందు పుస్తకముండవలెను. కొత్తగా అక్షరములు కూర్చి వేయు పునర్ముద్రణముల విషయమున ఇంతకంటె ఎక్కువ జాగ్రత్త కావలెను. కంప్యూటరున ఒక అక్షరరూపమునుండి మఱొకదానికి మార్చునపుడు ఒత్తులు రాలిపోయిన పుస్తకములను చూచితిని. నిర్ణయసాగర, ఆనందాశ్రమ ముద్రణములను యథాతథముగా ఛాయాముద్రణము చేసినవి దొరకినచో, కాగితము నాసిగా ఉన్నను వానినే కొనుమని విద్యార్థులకు చెప్పుదును.

ఇన్ని చెప్పినవాడు తాను ఎట్లు ఎన్నుకొనెనని మీరడుగవచ్చును. 1980వ దశకపు చివర నేను పనిచేసిన ఒక ప్రాచ్యకళాశాలకు గ్రంథాలయము కొఱకు కొంత ధనము వచ్చినది. మార్చి 31వ తేదీలోగా ఖర్చు చేయనిచో వెనుకకు పోవును. కొనుగోలు సంఘమున నేనొక సభ్యుడను. పుస్తకవ్యాపారి తానే పట్టిక వ్రాసి తెచ్చెను. ఒక సాయంకాలమున, గంటలోపల, దానిని ఆమోదించితిమి. నేను ముందే అడిగి చేర్పించిన బాలమనోరమా తత్త్వబోధినీ సహితమైన సిద్ధాంతకౌముది వెల ఎక్కువ అను కారణముచే కొట్టివేయబడినది. ఆ మొత్తముతో పరీక్షలకు పనికివచ్చు ప్రశ్నోత్తరముల పుస్తకము నలువది ప్రతులు వచ్చినవి. నలువదిమందికి ఉపయోగమా, ఒక్కనికి ఉపయోగమా అని ఒకరనిరి. ఆ మాటకు నాకు వెంటనే ఉత్తరము తోచలేదు. సంతకము చేసితిని.

మఱుసటి యేడు ఆ ఒక్కడు వచ్చెను. వ్యాకరణమున నిజమైన ఆసక్తి గలవాడు. లఘుకౌముదిని ఇంటనే ముగించి వచ్చినవాడు. గ్రంథాలయమున కౌముది లేదు. ప్రతి ఆదివారము బస్సెక్కి మా యింటికి వచ్చి, నా ప్రతిలోనుండి వ్యాఖ్యను నోటుపుస్తకమునకు ఎక్కించుకొని పోవువాడు. ఆఱు నెలలు అట్లు సాగినది. కారకప్రకరణము నడుమనుండగా రాక మానెను. బస్సు ఖర్చు ఇంటిలో భారమైనదని తరువాత తెలిసినది. చదువే మాని ఏదో కొలువున చేరెను. ఒక పుస్తకము ఉండిన అతడు నిలిచెడివాడని ఎవరును ప్రమాణము చేయలేరు. కాని ఆ పట్టికలో నా సంతకమున్నది. నలువదిమంది, ఒక్కడు అను వాదమునకు ఉత్తరము నాకు తరువాత తోచినది. ఆ నలువది ప్రతులును పాఠ్యక్రమము మాఱగానే మూడేండ్లలో అటకెక్కినవి. కౌముది ఉండినచో ఏడాదికొక్కడు వచ్చినను నేటికి ముప్పదిమందికి పైగా చదివియుందురు. గ్రంథాలయమునకు అధికారి నేటి విద్యార్థి మాత్రమే కాడు. రాబోవువాడు కూడ అధికారియే. పట్టిక వ్రాయు అధ్యాపకులు, వ్యాపారి తెచ్చిన కాగితమును కాక, తమ పాఠములలో ఏ పుస్తకము లేక చిక్కుపడితిమో ఏడాది పొడవునా గుర్తుపెట్టుకొనిన కాగితమును మార్చి నెలకు ముందే ఈయవలెనని కోరుచున్నాను.

గృహపఠనమున నియమములు వేఱు. ఇచ్చట ఒకరు చదువుదురు, తక్కినవారు విందురు. కావున పుస్తకమును కంటితో కాక చెవితో ఎన్నుకొనవలెను. అధ్యయనమునకు ఉత్తమమైన ప్రతిపదార్థసహితముద్రణము ఇచ్చట అడ్డము వచ్చును; పద్యము చదివి, పదపదమునకు అర్థము చదువుచు పోయిన పిల్లలు లేచిపోవుదురు. పెద్ద అక్షరములలో పద్యము, దాని క్రింద తాత్పర్యము మాత్రమే ఉన్నది మేలు. పోతన భాగవతమును మొదటి స్కంధమునుండి పట్టు పట్టి చదివించువారు ద్వితీయస్కంధము దాటుట అరుదు. సప్తమమున ప్రహ్లాదచరిత్రము, అష్టమమున గజేంద్రమోక్షణము, వామనచరిత్రము, దశమమున రుక్మిణీకల్యాణము ముందు చదివించి, ఇల్లు ఆ గొంతుకు అలవాటుపడిన పిమ్మట మొదటికి రావచ్చును. భారతమున నలోపాఖ్యానము అట్టిదే. భర్తృహరి సుభాషితములు ఇంటనుండదగినవి. ఏనుగు లక్ష్మణకవి తెలుగు పద్యములను మూలముతో కలిపి అచ్చువేసిన ప్రతి ఉండినచో, తాత మూలము చదువగా మనుమడు తెలుగు చదువును. ఇద్దఱికిని పని ఉండును.

ఇచ్చటను నేను పొరపడితిని. బెంగుళూరునందున్న మా రెండవ అబ్బాయి కుమారునకు తెలుగు కూడబలుకుకొని చదువుట మాత్రమే వచ్చును. వానికి పెద్దబాలశిక్ష పంపితిని. మా తరమునకు అది ఇంటి నిధి. ప్రభవాది సంవత్సరములు, తిథులు, వీసెలు, పలములు అన్నియు అందున్నవి. ఏడాది తరువాత వెళ్ళి చూడగా పుస్తకము పంపినది పంపినట్లే ఉన్నది. వీసె అనగానేమో వానికే కాదు, వాని తల్లికి కూడ తెలియదు. నేను నా బాల్యమును వానికి పంపితినే గాని వానికొక పుస్తకమును పంపలేదు. తరువాత నా యొద్ద బైండు చేయించి ఉంచిన పాత చందమామలు తీసికొనిపోతిని. 1947లో నాగిరెడ్డి చక్రపాణులు ప్రారంభించిన ఆ పత్రిక ఇప్పుడు వెలువడుట లేదు. పాత సంచికలు మాత్రము ఎచ్చటనైనను దొరకుచునే ఉన్నవి. వాడు బేతాళకథలను పట్టుకొని వదలలేదు. ఒకనాటి రాత్రి ఫోనులో, “తాతయ్యా, ఈ బేతాళుడు నిజంగా ఏ పుస్తకంలో ఉన్నాడు?” అని అడిగెను. పదునొకండవ శతాబ్ది కాశ్మీరమున సోమదేవుడు చేసిన కథాసరిత్సాగరమున ఉన్నాడని చెప్పి, వినోదపు రాసిలో వేసిన ఆ గ్రంథమును మఱునాడే ఇంటి రాసికి మార్చితిని. కథలన్నియు పిల్లలకు తగినవి కావు. ఏవి చదువదగునో కాగితపు ముక్కలు గుర్తుగా పెట్టితిని.

వినోదపఠనము మాట ఎత్తినచో మనవారు కొందఱు నొసలు చిట్లింతురు. శాస్త్రము చదివినవానికి శాస్త్రమే వినోదమని చెప్పుట వినుటకు బాగుండును. మా గురువుగారు మాత్రము మధ్యాహ్నభోజనమైన పిమ్మట చాటుపద్యమణిమంజరిని దిండు క్రిందనుండి తీసి చదివికొని తమలో తాము నవ్వుకొనెడివారు. మేము తలుపు చాటునుండి చూచువారము. వేటూరి ప్రభాకరశాస్త్రిగారి ఆ సంకలనమునకు నేనెంత ఋణపడితినో చెప్పలేను. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారి కథలు గాథలు, శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి అనుభవాలూ జ్ఞాపకాలూనూ అను రెండు గ్రంథములను అధ్యాపకులెవ్వరును చదువకుండ ఉండరాదు. గురుకులముల చదువు, పండితుల పట్టుదలలు, వారి ఆకలి ఎట్లుండెడివో చరిత్రగ్రంథములకంటె వీనియందే ఎక్కువ తెలియును.

వీనియన్నింటిలో నేను ఎక్కువసార్లు చదివినది ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రచరిత్ర. చెన్నపట్టణపు సుప్రీముకోర్టున దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే నెలలో పరివారముతో బయలుదేఱి, శ్రీశైలము, హైదరాబాదు, నాగపురము, ప్రయాగల మీదుగా కాశికి పోయి, గయ, కలకత్తా, జగన్నాథములను చూచుకొని 1831 సెప్టెంబరులో ఇల్లు చేరెను. దారిలోని ప్రతి మజిలీయందును నీరు ఎట్లున్నదో, బాట ఎట్లున్నదో, అంగళ్ళలో ఏమి దొరకునో వ్రాసి కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళకు పంపగా, ఆయన 1838లో అచ్చువేయించెను. తరువాత దిగవల్లి వేంకటశివరావుగారు దానిని శ్రద్ధతో పరిష్కరించిరి. ఆ వచనమున వ్యాకరణదోషములు వెదకువారు వెదకుకొందురు గాక. ఏ పుట తెఱచినను ఒక ఊరు కనబడును. వినోదమునకు పుస్తకమును ఎన్నుకొనునపుడు నాకున్న పరీక్ష ఇదియే: నడుమ ఎచ్చట తెఱచినను చదువుటకు వీలుండవలెను, ఎచ్చట మూసినను బాధ కలుగరాదు. ఈ పుస్తకమును ఎవరికిని ఈయలేదు. నా మంచము పక్కననే ఉన్నది.

మూడు రాసులును ఇప్పుడు చాలవఱకు తరిగినవి. నా సిద్ధాంతకౌముది ఎవరికీయవలెనో ఇంకను తేలలేదు. అడిగినవారు ఇద్దఱున్నారు, ఒకరు వ్యాకరణము చదువుచున్నారు, ఒకరు ఇంటి అలమారులో ఉంచుకొందురు. తేలనిది మఱొకటి, తిరునాళ్ళలో కొనిన ఆ అమరకోశము. ఆ విద్యార్థిని తప్పు చూపిన తరువాత నేను దానిని విడువక, నాగరలిపి ప్రతితోను, గురుబాలప్రబోధికతోను, అడయారు గ్రంథాలయము ప్రకటించిన లింగయసూరి వ్యాఖ్యతోను అక్షరమక్షరము సరిచూచి, ఎఱ్ఱసిరాతో అంచులలో దిద్దుచు వచ్చితిని. నలువది యేండ్ల పని. ఇప్పుడది దోషములు ఎక్కువగా ఉన్న పుస్తకమో, అన్నిటికంటె శుద్ధమైన పుస్తకమో నేనే చెప్పలేకున్నాను. ఒక గ్రంథాలయమునకు ఇత్తునని చెప్పగా, లోపల వ్రాతలున్న పుస్తకములను తీసికొనుటకు నియమము ఒప్పుకొనదని తెలిపిరి. వారి నియమము వారిది. అందుచేత ఆ దిద్దుబాట్లను వర్గక్రమమున తెల్లకాగితములపై ఎక్కించుచున్నాను. ప్రథమకాండము ముగిసినది, ద్వితీయకాండమున మనుష్యవర్గము నడచుచున్నది.